బొద్దింకల స్ప్రే కొట్టినప్పటి నుంచి ఆగని దగ్గు: ఎవరికైనా ఇలా అయిందా?

కావ్య (మియాపూర్)

అందరికీ నమస్తే. మాది పాత ఫ్లాట్. వానలు మొదలయ్యాక సింకు కింద, స్టవ్ గట్టు వెనకాల బొద్దింకలు విపరీతంగా పెరిగాయి. పోయిన వారం ఒక రాత్రి గిన్నెలన్నీ బయట పెట్టి, డబ్బా మీద రాసినట్టే తలుపు, కిటికీ మూసి వంటింట్లో స్ప్రే కొట్టాను. మా అత్తయ్య హాల్లోనే పడుకుంటారు. మధ్యలో మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళి కాసేపు అక్కడే ఉన్నారట. అప్పటి నుంచి ఆవిడకి దగ్గు. పొడి దగ్గే, కఫం లేదు, జ్వరం లేదు. తెల్లవారుజామున తెరలు తెరలుగా వస్తుంది, తర్వాత ఛాతీ పట్టేసినట్టు ఉంటుందంటారు. వీధి చివర క్లినిక్‌లో యాంటిబయాటిక్, సిరప్ రాశారు. తగ్గలేదు. ఇప్పుడు ఫినాయిల్ వాసనకి, పోపు ఘాటుకి కూడా దగ్గొస్తోంది. ఇదంతా స్ప్రే వల్లే అంటారా? టెన్షన్‌గా ఉంది.

మాస్టారు (గుంటూరు)

అమ్మా కావ్యా, ఈ కాలం వాళ్ళకి అన్నిటికీ భయమే. మా చిన్నప్పుడు మలేరియా వాళ్ళు పంపు భుజాన వేసుకొచ్చి ఇల్లంతా డీడీటీ కొట్టి, గోడ మీద తారీఖు రాసి పోయేవాళ్ళు. వాళ్ళటు వెళ్ళగానే మేము అదే గదిలో చాప వేసుకుని పడుకునేవాళ్ళం. ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి, ఒక్కరోజు ఆయాసం ఎరగను. అల్లం రసంలో తేనె కలిపి ఇవ్వు, తగ్గుతుంది.

సుజాత (హనుమకొండ)

కావ్య గారూ, నేను ఛాతీ వార్డులో స్టాఫ్ నర్సుని. డాక్టర్‌ని కాదు కాబట్టి జబ్బు పేరు చెప్పను, కానీ మీరు రాసింది చదివితే ఇన్ఫెక్షన్‌లా అనిపించట్లేదు. జ్వరం లేదు, కఫం లేదు, తెల్లవారుజామున దగ్గు, ఘాటు వాసన తగిలితే దగ్గు. శ్వాసనాళాలు వాచి బిగుసుకున్నప్పుడు ఇలాగే ఉంటుంది. యాంటిబయాటిక్‌కి తగ్గకపోవడమూ అందుకే అయ్యుండొచ్చు.

మూడు సంగతులు చెప్పండి. పడుకున్నప్పుడు ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తున్నాయా? చిన్నప్పుడో, కాన్పుల తర్వాతో ఆయాసం వచ్చిన చరిత్ర ఉందా? బీపీ ఉంటే, దానికి ఏ మాత్ర వాడుతున్నారు? కొన్ని బీపీ మాత్రలు వాటంతట అవే పొడి దగ్గు తెస్తాయి. అది ముందు చూసుకోవాలి, లేకపోతే నేరం మొత్తం స్ప్రే మీద పడుతుంది.

ఒకవేళ ఇంతకుముందు ఏమీ లేని మనిషికి, ఒక్కసారి ఘాటైన ఆవిరో పొగో బాగా పీల్చాక ఇలా మొదలైతే దానికి రాడ్స్ అని పేరుంది. 1985లో అమెరికన్ డాక్టర్లు పెట్టిన పేరు. పీల్చిన 24 గంటల్లోపు లక్షణాలు మొదలై, 3 నెలలైనా పోకుండా ఉంటేనే ఆ మాట వాడతారు. వారానికే ఎవరూ ఆ పేరు పెట్టరు, కంగారు పడకండి. కానీ పల్మనాలజిస్ట్‌కి చూపించి పీఎఫ్‌టీ, అంటే ఊపిరితిత్తుల పనితీరు పరీక్ష, చేయించండి. గొట్టంలోకి గట్టిగా ఊదిస్తారు, అంతే. మీకు ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి దూరం కాదు. మాట పూర్తి చేయలేనంత ఆయాసం వచ్చినా, పెదాలు నీలంగా మారినా అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు, వెంటనే 108.

కావ్య (మియాపూర్)

థాంక్స్ అక్కా. బీపీ లేదు, షుగర్ ఒక్కటే. పిల్లికూతలు నాకు వినపడలేదు కానీ మామయ్య ఉన్నాయంటున్నారు. చిన్నప్పుడు ఉబ్బసం ఉండేదని, పెళ్ళయ్యాక పోయిందని ఇప్పుడు అడిగితే చెప్పారు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదు!

సుజాత (హనుమకొండ)

చెప్పరు. ఆ తరంలో ఉబ్బసం అంటే సంబంధాలు తప్పిపోయేవి. అయితే పీఎఫ్‌టీ ఇంకా అవసరం.

కెమిస్ట్రీ లెక్చరర్ (కాకినాడ)

మాస్టారి డీడీటీ సంగతికి జవాబు. గోడకి కొట్టే పంపు పని వేరు, ఈ డబ్బా పని వేరు. గోడకి కొట్టే మందు చుక్క పెద్దది. వెళ్ళి గోడకి అంటుకుని ఎండాలి, దోమ వచ్చి అక్కడ వాలాలి, ఉద్దేశం అది. డబ్బాలో ఒత్తిడితో నింపిన గ్యాస్ మందుని చాలా సన్నని తుంపరగా చీల్చి వదులుతుంది. 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే పెద్ద చుక్కలు చాలావరకు ముక్కు, గొంతులోనే ఆగిపోతాయి. 5 మైక్రాన్ల లోపువి లోపలి నాళాల దాకా పోతాయి. పైగా అవి త్వరగా కిందికి దిగవు, మూసిన గదిలో గాలిలోనే తేలుతుంటాయి. చేత్తో నొక్కే సీసా స్ప్రేలలో చుక్క ఇంకాస్త పెద్దది, అందుకే డబ్బా కంటే కొంత నయం.

బొద్దింకల డబ్బాల్లో ఎక్కువగా ఉండేవి పైరెత్రాయిడ్లు. మనిషి శరీరం వీటిని త్వరగానే విరగ్గొట్టుకుంటుంది, అందుకే ఇళ్ళలోకి అనుమతించారు. కానీ మందు ఒక్కటే ఉండదు కదా. దాన్ని కరిగించిన ద్రావకం, నెట్టే గ్యాస్, కొన్నిట్లో సెంటు కూడా ఉంటాయి. ఆ నెట్టే గ్యాస్ చాలా డబ్బాల్లో ఎల్‌పీజీ లాంటిదే. స్టవ్ వెలుగుతుండగా గట్టు వెనక స్ప్రే కొడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఒకే పదార్థం తుడిస్తే ఒకలా, పీలిస్తే ఇంకోలా ఉంటుందనడానికి దక్షిణ కొరియాని మించిన ఉదాహరణ లేదు. అక్కడ గదిలో తేమ కోసం వాడే హ్యూమిడిఫయర్ నీళ్ళలో పాచి పట్టకుండా కలిపే మందు 1990లలోనే మార్కెట్‌లోకి వచ్చింది. తర్వాత ఆ సరుకుల్లో చాలావాటిలో వాడింది పీహెచ్‌ఎంజీ అనే క్రిమిసంహారకం. చర్మానికి తగిలితే పెద్ద ప్రమాదం లేదనుకున్న సరుకే. అది ఆవిరి తుంపరలో కలిసి రాత్రంతా గదిలో తిరిగింది. 2011లో బాలింతలకి, గర్భిణులకి అంతుబట్టని ఊపిరితిత్తుల జబ్బు వచ్చి ప్రాణాలు పోతుంటే ఆరా తీసి, ఆ ఏడాది నవంబర్‌లో మార్కెట్ నుంచి వెనక్కి తీయించారు. పసిపిల్లలు కూడా చాలామంది పోయారు.

అనుమానాల అప్పారావు (విశాఖ)

కొరియా సంగతి సరే. ఇక్కడ విషయం ఏంటంటే, ఆవిడకి చిన్నప్పుడే ఉబ్బసం ఉంది, వానాకాలం వచ్చింది, గోడలు చెమ్మగిల్లి బూజు పట్టి ఉంటాయి. బొద్దింకల రెట్టే ఉబ్బసానికి పెద్ద కారణం అని చదివాను. స్ప్రే కొట్టకపోయినా ఇదే జరిగేదేమో! స్ప్రేల వల్ల ఊపిరితిత్తులు పాడవుతాయని ఎవరైనా లెక్క కట్టారా, లేక వాట్సాప్ సైన్సేనా?

లక్ష్మి (ఎడిసన్, న్యూజెర్సీ)

అప్పారావు గారూ, లెక్క కట్టారు. నేను పబ్లిక్ హెల్త్ చదివాను, దీని మీద రెండు అధ్యయనాలు క్లాసులో పక్కపక్కనే పెట్టి చదివించారు.

2007లో వచ్చిన యూరప్ అధ్యయనం ఒకటి. 10 దేశాల్లో, ఇంటి పని తామే చేసుకునే 3,503 మంది. మొదట్లో వాళ్ళెవరికీ ఉబ్బసం లేదు. వారానికి ఒక్కసారైనా క్లీనింగ్ స్ప్రేలు వాడేవాళ్ళలో ఉబ్బసం లక్షణాలు, మందుల వాడకం దాదాపు ఒకటిన్నర రెట్లు. అద్దాలు తుడిచే స్ప్రేలు, ఫర్నిచర్ స్ప్రేలు, రూమ్ ఫ్రెష్‌నర్లు ముందు వరసలో ఉన్నాయి. స్ప్రే కాని క్లీనింగ్ ద్రవాలకి ఆ సంబంధం కనిపించలేదు.

రెండోది 2018లో, నార్వేలోని బెర్గెన్ యూనివర్సిటీ వాళ్ళది. 6,235 మందిని 20 ఏళ్ళ పాటు గమనించారు. వయసుతో పాటు ఊపిరి బలం అందరికీ తగ్గుతుంది. మొదటి సెకనులో ఎంత గాలి ఊదగలరో కొలిస్తే, ఇల్లు శుభ్రం చేసే ఆడవాళ్ళలో అది చేయనివాళ్ళ కంటే ఏడాదికి 3.6 మిల్లీలీటర్లు, క్లీనింగే ఉద్యోగంగా చేసేవాళ్ళలో 3.9 మిల్లీలీటర్లు ఎక్కువగా తగ్గింది. మగవాళ్ళలో ఈ తేడా కనిపించలేదు.

అయితే మీ అనుమానానికి మేత కూడా ఇందులోనే ఉంది. ఈ రెండో అధ్యయనంలో స్ప్రేలకీ మామూలు ద్రవాలకీ పెద్ద తేడా రాలేదు. పైగా ఇల్లు శుభ్రం చేయని ఆడవాళ్ళు చాలా కొద్దిమందే దొరికారు, పోల్చడానికి అదో ఇబ్బంది. రెండిట్లోనూ అడిగింది క్లీనింగ్ సరుకుల గురించి, పురుగుల మందు గురించి కాదు.

అనుమానాల అప్పారావు (విశాఖ)

ఇది బాగుంది. మగవాళ్ళకి తేడా రాలేదంటే, యూరప్‌లోనూ చీపురు పట్టేది ఎవరో తెలిసింది.

రమణ, పెస్ట్ కంట్రోల్ (బెజవాడ)

ఇన్ని లెక్కల మధ్యలో నా మాట కూడా వినండి. నేను ఈ లైన్‌లోనే బతుకుతున్నా. కస్టమర్‌కి కళ్ళ ముందు బొద్దింకలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకోవాలి, అప్పుడే డబ్బులిచ్చిన తృప్తి. స్ప్రే అమ్ముడుపోయేది అందుకే. కానీ వంటింట్లో తిరిగే సన్న రకం బొద్దింక గుడ్ల సంచిలోకి ఆ మందు దిగదు. పెద్దవి చస్తాయి, మిగతావి ఘాటుకి పక్క అలమారలోకి, పక్క ఫ్లాట్‌లోకి పోతాయి. గుడ్లు పగిలాక మళ్ళీ మొదటికే.

ఫ్లాట్లలో మేము వాడేది జెల్. అలమార తలుపు బందుల దగ్గర, సింకు పైపు గోడలోకి పోయే చోట, ఫ్రిజ్ మోటారు వెనక మినపగింజంత చుక్కలు పెడతాం. తిన్న బొద్దింక గూటికి పోయి చస్తుంది, దాని రెట్టని, శవాన్ని తిన్నవి కూడా చస్తాయి. గాలిలోకి వచ్చేది దాదాపు ఏమీ ఉండదు. ఒక్కటే షరతు, జెల్ పెట్టిన చోట స్ప్రే కొట్టకూడదు. కొడితే ఆ వాసనకి జెల్ దగ్గరికే రావు. కావ్య గారూ, మీరు ఆల్రెడీ కొట్టారు కాబట్టి ఆ చోట్లు సబ్బు నీళ్ళతో బాగా తుడిచి, ఆరాక పెట్టించండి.

ఇంకో సంగతి. ఎవరైనా వచ్చి "హెర్బల్ మందు సార్, వాసనే ఉండదు" అంటే డబ్బా అడిగి చూడండి. వాసన లేకపోతే విషం లేనట్టు కాదు. పురుగుల మందు ఏదైనా 1968 చట్టం కింద రిజిస్టర్ అయ్యుండాలి, లేబుల్ మీద ఆ నంబర్ ఉండాలి. వజ్రం ఆకారంలో గుర్తు ఉంటుంది, కింది సగంలో రంగు: ఎరుపైతే మహా ఘాటు, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. డైక్లోర్వాస్ అని పాత మందు ఒకటి ఉండేది, ముక్కు పగిలేంత వాసన. 2020 డిసెంబర్ 31తో దాన్ని నిషేధించారు. పాత స్టాక్ ఇంట్లో ఉంటే ముట్టుకోకండి.

నల్లులకని కొందరు బియ్యం గోడౌన్లలో వాడే బిళ్ళలు మంచం కింద పెడుతున్నారు. అవి అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో తేమ తగిలితే ఫాస్ఫీన్ గ్యాస్ వస్తుంది. ఆ గదిలోనే కాదు, పక్క గదిలో పడుకున్నవాళ్ళు కూడా లేవరు. లైసెన్సు ఉన్నోళ్ళు సీల్ చేసిన గోడౌన్‌లో చేసే పని అది. ఇంట్లో వద్దే వద్దు.

కెమిస్ట్రీ లెక్చరర్ (కాకినాడ)

రమణ గారు చెప్పిన రంగుల గుర్తు గురించి చిన్న చేర్పు. ఆ రంగు నిర్ణయించేది నోట్లోకి వెళ్తే ఎంత, చర్మానికి తగిలితే ఎంత అనే లెక్క మీద. పీలిస్తే ఎంత అన్నది ఆ రంగు చెప్పదు. ఆకుపచ్చ ఉంది కదా అని మూసిన గదిలో డబ్బా ఖాళీ చేసేవాళ్ళు ఇది గమనించాలి.

స్వప్న (కూకట్‌పల్లి)

బొద్దింకల స్ప్రే సంగతి పక్కన పెట్టి బాత్రూమ్ సంగతి చెప్పండి సార్. మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్ళు, టైల్స్ మీద తెల్లగా గార కడుతుంది. మా ఇంట్లో పనిచేసే అక్క కింది ఫ్లాట్‌లో కూడా చేస్తుంది. అక్కడ గార పోవాలని సీసా యాసిడ్ పోయించారు. అది చాలదని అదే తడి మీద బ్లీచింగ్ పౌడర్ చల్లి తోమమన్నారు. బాత్రూమ్‌కి ఉన్నది జానెడు వెంటిలేటర్. అక్క మోకాళ్ళ మీద కూర్చుని తోముతుంటే బుసబుస పొంగి, కళ్ళు మండి, ఊపిరి అందలేదట. మెట్ల మీదకొచ్చి కూలబడింది. ముక్కులోంచి, కళ్ళలోంచి నీళ్ళు, ఆగని దగ్గు. ఆ ఇంటావిడ "కాసేపు గాలి తగిలితే పోతుందిలే, ముందు ఆ నురగ కడిగెయ్" అంది. నేను ఆటోలో ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్తే ఆక్సిజన్ పెట్టి, నెబ్యులైజర్ ఇచ్చి ఆ రాత్రి అక్కడే ఉంచారు. పనిలోకి రాని రోజులకి జీతం కోశారు ఆ ఇంట్లో. ఇప్పటికీ మెట్లెక్కితే అక్కకి దగ్గు.

కెమిస్ట్రీ లెక్చరర్ (కాకినాడ)

స్వప్న గారూ, ఆ బాత్రూమ్‌లో పుట్టింది క్లోరిన్ గ్యాస్. 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీదకి వదిలిన గ్యాస్ అదే. బ్లీచింగ్ పౌడర్ మీద గానీ, బ్లీచ్ ద్రవం మీద గానీ ఏ యాసిడ్ పడినా వస్తుంది. టాయిలెట్ కడిగే నీలం సీసాల్లోనూ చాలావాటిలో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడే, పేరు మారిందంతే. అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో బ్లీచ్ కలిస్తే క్లోరమైన్లు వస్తాయి, అవీ ఊపిరితిత్తులకి చెరుపే. క్లోరిన్ గాలి కంటే రెండున్నర రెట్లు బరువు కాబట్టి నేల దగ్గరే పేరుకుంటుంది. నిలబడి చూసేవాళ్ళకి అంతగా తెలియదు. కింద కూర్చుని తోమే మనిషి ముక్కు సరిగ్గా అందులోనే ఉంటుంది.

లక్ష్మి (ఎడిసన్, న్యూజెర్సీ)

ఇది చదువుకోని వాళ్ళ సమస్య అనుకోవద్దు. 2020 మొదటి మూడు నెలల్లో కోవిడ్ భయానికి అమెరికాలో క్లీనర్లు, డిసిన్‌ఫెక్టెంట్ల గురించి పాయిజన్ సెంటర్లకి 45,550 కాల్స్ వచ్చాయి, ముందు ఏడాది అవే నెలల కంటే 20 శాతం ఎక్కువ. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ రాసిన ఒక కేసులో, కూరగాయలు కడగాలని ఒకావిడ సింకులో బ్లీచ్, వెనిగర్, వేడినీళ్ళు కలిపి, ఊపిరాడక అంబులెన్స్ పిలిచింది. ఇండియాలో అప్పుడే మనుషుల మీద హైపోక్లోరైట్ (బ్లీచ్ ద్రవం) చల్లే టన్నెళ్ళు పెట్టారు, గుర్తుందా? ఆరోగ్య శాఖ 2020 ఏప్రిల్‌లోనే వద్దని సలహా ఇచ్చినా కొన్ని చోట్ల నడిచాయి.

అనుమానాల అప్పారావు (విశాఖ)

ఎన్95 మాస్క్ మా ఇంట్లో కోవిడ్ నాటివి బోలెడున్నాయి. అవి పెట్టుకుని కడిగితే సరిపోదా?

సుజాత (హనుమకొండ)

తుంపరని కొంత ఆపుతుంది. గ్యాస్‌ని ఆపదు. క్లోరిన్ దర్జాగా లోపలికి వస్తుంది, తడి గుడ్డ కట్టుకున్నా అంతే. మాస్క్ ఉంది కదా అని లోపల ఎక్కువసేపు ఉంటే ఇంకా చేటు.

ఘాటు తగిలిన వెంటనే బయటికి రావాలి. నురగ కడగడానికి మళ్ళీ లోపలికి వెళ్ళకూడదు, స్వప్న గారి కింది ఫ్లాట్ ఆవిడ చెప్పించిన పని సరిగ్గా చేయకూడనిదే. బట్టలకి పడితే విప్పేసి, కళ్ళు మామూలు నీళ్ళతో పది పదిహేను నిమిషాలు కడగాలి. ఉబ్బసం ఉన్నవాళ్ళు తమ ఇన్‌హేలర్ వాడుకోవచ్చు. బలవంతంగా వాంతి చేయించొద్దు. బాగానే ఉన్నట్టు అనిపించినా కొందరికి కొన్ని గంటల తర్వాత ఆయాసం పెరుగుతుంది, కాబట్టి ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు. ఆ అక్కకి కూడా పీఎఫ్‌టీ చేయించండి. మెట్లెక్కితే దగ్గు ఇంకా ఉందంటే వదిలేసే విషయం కాదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో విషాల సమాచారానికి టోల్ ఫ్రీ ఉంది: 1800 116 117.

కావ్య (మియాపూర్)

అప్‌డేట్. పీఎఫ్‌టీ అయింది. మందు పీల్చకముందు, పీల్చాక రెండుసార్లు ఊదించారు. పీల్చాక బాగా మెరుగైంది, అంటే ఉబ్బసమే, పాతది నిద్ర లేచింది అన్నారు డాక్టర్. స్ప్రే లేపిందా, చెమ్మ లేపిందా అని అడిగితే "రెండూ తీసెయ్యండి, ఏది అయితేనేం" అన్నారు. ఇన్‌హేలర్, దానికి తగిలించి పీల్చే గొట్టం (స్పేసర్) రాశారు. ఇప్పుడు కొత్త గొడవ: అత్తయ్య ఇన్‌హేలర్ పట్టనంటున్నారు. అలవాటైపోతుందట, మాత్ర ఇమ్మంటున్నారు.

మాస్టారు (గుంటూరు)

మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి తీసుకెళ్ళి చేప ప్రసాదం వేయించు తల్లీ. మా తమ్ముడు ఏటా వెళ్తాడు. దోమలకి, పురుగులకి ఈ డబ్బాలన్నీ మాని సాంబ్రాణి, వేపాకు పొగ వేసుకోండి.

సుజాత (హనుమకొండ)

మాస్టారూ, నమ్మకం ఉంటే ప్రసాదం వేయించుకోనివ్వండి, ఇన్‌హేలర్ మాత్రం ఆపొద్దు. పొగ సంగతికొస్తే, ఉబ్బసం ఉన్న ఇంట్లో వేపాకు పొగ అయినా పొగే. 2003లో మస్కిటో కాయిల్స్ కొలిచారు. ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నని నుసి 75 నుంచి 137 సిగరెట్ల నుసితో సమానమని తేలింది. దోమతెర, కిటికీ జాలీ వీటన్నిటి కంటే మేలు.

కావ్య గారూ, అత్తయ్య గారికి ఇలా చెప్పి చూడండి. మాత్రలో మందు మిల్లీగ్రాముల్లో ఉంటుంది, ఒళ్ళంతా తిరుగుతుంది, చేతులు వణుకుతాయి, గుండె దడ వస్తుంది. ఇన్‌హేలర్‌లో మైక్రోగ్రాములే, నేరుగా కావలసిన చోటికే పోతుంది. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ అయితే పీల్చాక నోరు పుక్కిలించాలి, లేకపోతే నాలుక మీద తెల్లగా పూత వస్తుంది. ఆ పూత చూసి "చూశావా, వేడి చేసింది" అని మానేసినవాళ్ళని చాలామందిని చూశాను.

రమణ, పెస్ట్ కంట్రోల్ (బెజవాడ)

ఆవిడ ఉన్న ఇల్లు కాబట్టి ఇంకో మాట. ఇకపై ఏ మందు కొట్టించినా ఆవిడని ఆ పూట వేరే ఇంటికి పంపండి. గది మూసి ఉంచమన్న టైమ్ అయ్యాక కిటికీలు తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, గట్టు తుడిచాకే లోపలికి రానివ్వండి. డబ్బా మీద "మూసి ఉంచండి" అన్న లైన్ అందరూ చదువుతారు, కింద సన్నగా "గాలి ఆడనివ్వండి" అని ఉన్నది ఎవరూ చదవరు. ఇంట్లో అక్వేరియం ఉంటే దానికి గుడ్డ కప్పి మోటారు ఆపండి, పైరెత్రాయిడ్లకి చేపలు ముందు పోతాయి. పిల్లులకీ పడవు.

స్వప్న (కూకట్‌పల్లి)

అక్కని వచ్చే వారం తీసుకెళ్తున్నా. లెక్చరర్ గారూ, యాసిడ్ లేకుండా గార పోయే మార్గం ఉందా? అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో పెట్టాలి. వద్దు అని చెప్తే ఎవరూ వినరు, బదులు ఏదో ఒకటి చెప్పాలి.

కెమిస్ట్రీ లెక్చరర్ (కాకినాడ)

నిమ్మ ఉప్పు. కిరాణా కొట్లో దొరుకుతుంది. గోరువెచ్చని లీటరు నీళ్ళలో రెండు మూడు చెంచాలు కరిగించి, పాత గుడ్డలు అందులో ముంచి గార మీద అతికించి అరగంట వదిలేయండి. తర్వాత పీచుతో తోమితే చాలావరకు పోతుంది. మందంగా కట్టినచోట రెండోసారి చేయాలి. స్ప్రే సీసాలో పోసి కొట్టొద్దు, గుడ్డతోనే. ఇది కూడా యాసిడే కాబట్టి అదే రోజు అక్కడ బ్లీచింగ్ పౌడర్ చల్లకూడదు, క్లోరిన్ వస్తుంది. గ్రూప్‌లో పెట్టేముందు ఎవరి బాత్రూముల్లో మార్బుల్ ఉందో అడగండి. మార్బుల్‌ని నిమ్మ ఉప్పు కూడా తినేస్తుంది, రేపు వాళ్ళు మీ మీద పడతారు.